ఆరో బిళ్ళ

"ఎన్ని అంటించారు?"

"ఆరు, బు."

"మళ్ళీ చెప్పండి."

"పదిసార్లు అడిగినా ఆరే. పై వరసలో ముందున్న ఆరు పళ్ళకి ఆరు ఇనుప బిళ్ళలు, వాటి మీంచి ఒక తీగ. కింద వరస నేను ముట్టుకోలేదు."

బల్లకు అటువైపు కూర్చున్న మత్ సహ్రికి అరవై దాటాయి. ఇండోనేషియాలోని మదురా దీవి నుంచి బాలి దీవికి వచ్చి, బజారులో కట్టుడు పళ్ళు చేసి పొట్ట పోసుకుంటున్న మనిషి. కట్టుడు పళ్ళకైతే అతనికి అనుమతి ఉంది. పళ్ళకు క్లిప్పులు బిగించడానికి లేదు. కానీ క్లిప్పులు లేని ఆడపిల్లకు బడిలో ముఖం చెల్లని రోజులివి. అసలైన పళ్ళ డాక్టరు దగ్గర క్లిప్పులంటే మోటారు సైకిలు కొన్నంత ఖర్చు, రెండేళ్ళ తిరుగుడు. సహ్రి దగ్గరైతే ఒక పూట పని.

బల్లకు ఇటువైపు సబ్ ఇన్‌స్పెక్టర్ దేసక్ రూపిని కూర్చుని ఉంది. ఇక్కడ గౌరవంగా పిలవాలంటే ఆడవాళ్ళని బు అంటారు, మగవాళ్ళని పాక్ అంటారు. ఆమె ముందు ఆస్పత్రి నుంచి వచ్చిన ఫొటో ఒకటి ఉంది. ఒక ఆడపిల్ల నోరు. వాచిన చిగుళ్ళు, వాటి మధ్య బిళ్ళలు. లెక్కపెడితే ఐదే. ఎడమ వైపు కోరపంటి మీద బిళ్ళ లేదు.

ఆ నోరు కాదెక్ రత్నిది. పదహారేళ్ళ పిల్ల. గురువారం పళ్ళు రాయించుకునే వేడుకలో, అంటే ఈడొచ్చిన పిల్లల ముందు పళ్ళను ఆకురాయితో నున్నగా అరగదీసే బాలి తంతులో, బంగారు కిరీటం పెట్టుకుని కూర్చుంది. ఆదివారానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఈరోజు మంగళవారం, గొట్టాల సాయంతో ఊపిరి తీస్తోంది.

"ఆరో బిళ్ళ ఏమైంది, పాక్ సహ్రి?"

"నాకెలా తెలుస్తుంది? అంటించి నెల దాటింది. ఆ పిల్ల మళ్ళీ నా దగ్గరకు రాలేదు. శుభ్రం చేసుకోవడానికి రమ్మన్నాను కూడా."

"రమ్మన్నారు. బాగుంది. పెట్టేముందు చేతులు కడుక్కున్నారా?"

సహ్రి తల వంచుకున్నాడు. రూపినికి అతని మీద జాలేమీ కలగలేదు. ఈ పని చేయకూడదని తెలిసే చేశాడు. కానీ చేయని పని అతని నెత్తిన వేస్తే, చేసినవాడు తప్పించుకుంటాడు. అంతకంటే ముందు, ఆ పిల్ల పోతుంది.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ గుస్తి ప్రమాన వచ్చాడు. నలభై ఏళ్ళు ఇంకా నిండలేదు, చొక్కా ఇస్త్రీ ఎప్పుడూ నలగదు. కేసు జిల్లాకెక్కాక పైనుంచి దిగిన అధికారి.

"ఇంకా అయిదా, ఆరా అనే దగ్గరే ఉన్నారా, బు దేసక్? ముసలాడు అబద్ధమాడుతున్నాడు. అంటించింది అయిదు. ఛాతీ ఎక్స్‌రే తీశారు, కడుపు ఎక్స్‌రే తీశారు. ఇనుము ఎక్కడా లేదు. లేనిదాన్ని ఎక్కడని వెతుకుతారు?"

"కోరపంటి మీద జిగురు మరక ఉంది, పాక్ గుస్తి. ఏదీ అంటించకపోతే జిగురెందుకు?"

"చెయ్యి జారి ఉంటుంది. నాలుగింటికి విలేకరులు వస్తున్నారు. బజారులో జనం ఇతని దుకాణం తగలబెడతామంటున్నారు. పేరు చెప్పేస్తే ఊరు చల్లబడుతుంది."

"పేరు తప్పయితే?"

"మీకు ప్రతిదీ తప్పయ్యేలాగే కనిపిస్తుంది. మీ అమ్మాయికి తుమ్మొస్తే అంబులెన్సు పిలుస్తారట కదా. స్టేషనంతా చెప్పుకుంటున్నారు."

"పిలిచాను, ఒకసారి. డెంగీ అని తేలింది."

ప్రమాన నవ్వి బయటికి వెళ్ళిపోయాడు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. రూపిని కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. కూతురు తియా బడి నుంచి కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె కళ్ళముందు లారీ, వరద, పాము వరసగా నిలబడతాయి. ఆ గుణం వల్ల ఇంట్లో అందరికీ విసుగు. ఉద్యోగంలో మాత్రం అదే ఆమెను ఇంతవరకు నిలబెట్టింది. అందరూ "ఏం కాదులే" అని వదిలేసిన చోటే ఆమె చెయ్యి పెడుతుంది.

ఫొటో సంచిలో పెట్టుకుని లేచింది. "ఈయనకి అన్నం పెట్టించండి. నేనొచ్చేవరకు ఎవరూ కదపకండి" అని కానిస్టేబుల్‌కి చెప్పి ఆస్పత్రికి బయలుదేరింది.

*

రత్ని నోటి పని చూస్తున్న పళ్ళ డాక్టరు హెర్లిన, రూపిని అడగకముందే చిన్న గాజు పళ్ళెం ముందుకు జరిపింది. అందులో అయిదు ఇనుప బిళ్ళలు వెల్లకిలా ఉన్నాయి.

"ఇప్పుడే ఊడదీశాను. వెనకవైపు చూడండి."

ప్రతి బిళ్ళ వెనకా గట్టిపడిన జిగురు ఉంది. ఆ జిగురు అడుగున, అంటే పంటిని తాకిన వైపున, లేత పసుపు రంగు.

"మేం వాడే జిగురు కాదిది. చిగుళ్ళ మీద పడి కాల్చేసింది. పుండు పడి, చీము పట్టింది. మీ ఇన్‌స్పెక్టరు గారికి చూపిస్తే చవక జిగురు, పాతబడి పచ్చబడిందన్నారు."

"పాతబడితే మొత్తం పచ్చబడాలి కదా, డాక్టర్?"

"నేనూ అదే అన్నాను. పైన తెల్లగానే ఉంది."

రూపిని ఒక బిళ్ళను పట్టకారుతో ఎత్తి వెలుతురులో తిప్పింది. ఆ రంగును ఆమె వంటింట్లో రోజూ గోళ్ళ నుంచి వదిలించుకుంటుంది. ఇది పసుపు. పచ్చి పసుపుకొమ్ము తొక్క తీసి రాస్తే పట్టే రంగు.

పళ్ళు రాయడం అయ్యాక పూజారి పసుపుకొమ్ముతో ఆ పళ్ళను రుద్దుతాడు. ఆకురాయి తగిలిన పంటికి మళ్ళీ ప్రాణం పోయడమన్నమాట. ఆమెకూ రుద్దారు, తియాకు వచ్చే ఏడు రుద్దుతారు.

"పసుపు పంటి మీద ముందే ఉంది. దాని మీద జిగురు పడింది" అంది నెమ్మదిగా. "అంటే ఈ బిళ్ళలు అంటించింది నెల కిందట కాదు. పళ్ళు రాయించుకున్న తరువాత. పసుపు ఇంకా ఆరకముందు."

హెర్లిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమె జావా మనిషి, ఈ తంతు ఎరగదు. "ఆరో పంటి మీద జిగురు కిందా అదే రంగు" అంది. "ఏదో అంటించారు. ఇప్పుడది అక్కడ లేదు."

"ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే?"

"కుడివైపు కింది భాగంలోకి గాలి పోవడం లేదు. పుండు విషం ఛాతీలోకి దిగిందని మందులిస్తున్నారు. మందులు పని చేయడం లేదు. నాకూ అదే అనుమానం. కానీ ఎక్స్‌రేలో ఇనుము లేదు. గొంతులోంచి గొట్టం దింపి చూడాలంటే ఈ స్థితిలో ఆ పిల్ల తట్టుకుంటుందో లేదో తెలియదు. ఛాతీ డాక్టరు ఒకటే మాటన్నాడు. లోపల వస్తువు ఉందని గట్టిగా చెప్పగలిగితే దిగుతాడట. అనుమానంతో దిగనన్నాడు."

"ఎంతసేపు ఆగగలదు?"

"సాయంత్రం దాకా అని నేననుకుంటున్నాను. తప్పయితే బాగుండును."

రూపిని తలుపు దగ్గర ఆగి, అడగకూడదనుకుంటూనే అడిగేసింది. "మా అమ్మాయి కూడా క్లిప్పులు కావాలని ప్రాణం తీస్తోంది. పెట్టించడమే ప్రమాదమా?"

"సరిగ్గా పెడితే కాదు. క్లిప్పంటే పంటిని ఎముకలో కాస్త కాస్తగా జరపడం. ముందు పిప్పి, పాచి లేకుండా చూసుకోవాలి, దవడ ఫొటో తీయాలి, ఆ తరువాతే తీగ. తీగ ఇష్టం లేనివాళ్ళకి పైకి కనిపించని తొడుగులున్నాయి. అసలు మీ అమ్మాయి పళ్ళకి ఏదైనా అవసరమా అన్నది మొదటి ప్రశ్న. తీసుకురండి. తిట్టకుండా తీసుకురండి. తిడితే బజారుకే పోతారు."

*

రత్ని తల్లి సుకర్మి వరండాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. రూపిని ఆమె పక్కనే కూర్చుంది.

"సుకర్మీ, గురువారం పొద్దున రత్ని నోట్లో క్లిప్పులున్నాయా?"

"ఉన్నాయి."

"పళ్ళు రాసే పెద్దాయన క్లిప్పులుంటే ఆకురాయి పట్టనంటాడు. నోట్లో తన ఇనుము తప్ప వేరే ఇనుము ఉండకూడదంటాడు. ఊరంతా ఎరిగిన సంగతే."

"ఆయనకి చూపు తగ్గిందమ్మా. చూసుకోలేదు."

"వేలితో తడిమి రాస్తారు. చూపుతో కాదు."

సుకర్మి చేతి వేళ్ళు చీరకొంగులాంటి నడికట్టు అంచును మెలిపెడుతున్నాయి.

"ఎవరు తీశారు? ఎవరు మళ్ళీ పెట్టారు?"

"సహ్రి పెట్టాడు. అంతే. నాకింకేం తెలియదు."

"పళ్ళు రాయించుకున్న పిల్ల ఆఖరి పూజ అయ్యేదాకా గడప దాటకూడదు. సహ్రి మీ గడపలోకి వచ్చాడా?"

"రాలేదు."

"మరి?"

ఆమె అబద్ధం చెబుతోందని రూపినికి తెలిసింది. ఎందుకు చెబుతోందో కూడా కొంత అర్థమైంది. బిడ్డకు ఏదైనా అయితే ఊరు ముందుగా వేలు చూపేది తల్లి వైపే. ఆ వేలికి భయపడి తల్లి ఇంకొకరిని చూపిస్తుంది. తియా విషయంలో తనయినా అంతే చేసేదేమో.

"లేవండి. మీ ఇంటికి పోదాం."

"పిల్లని వదిలి నేను రాను."

"పిల్ల కోసమే."

*

పళ్ళు రాసేటప్పుడు పిల్లలు ఉమ్మే ఉమ్మి, రాలే పొడి అన్నీ ఒక పసుపుపచ్చ కొబ్బరి బొండంలో పడతాయి. పని అయ్యాక ఎవరి బొండం వాళ్ళింటి గుడి వెనక పాతిపెడతారు. రూపిని దారంతా ఆ బొండం గురించే ఆలోచించింది.

సుకర్మి ఇంటి ముందు ప్రమాన జీపు అప్పటికే ఆగి ఉంది.

"ఆస్పత్రి నుంచి కన్నతల్లిని లాక్కొచ్చారట" అన్నాడు, జీపుకు ఆనుకుని. "దేనికి?"

"బొండం తీయడానికి."

ప్రమాన నిటారుగా నిలబడ్డాడు. "ఇంటి గుడి వెనక తవ్వుతారా? మతి ఉండే మాట్లాడుతున్నారా? రేపు పేట పెద్దలంతా స్టేషన్ మీదికొస్తారు."

"వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇద్దాం."

"హాస్యం కాదు. నా కూతురు పెర్తివి కూడా ఆ రోజు ఈ ఇంటి మండపంలోనే రాయించుకుంది. అదే పెద్దాయన, అదే ఆకురాయి, అదే పసుపు. దానికేమీ కాలేదే. తేడా ఒక్కటే. దానికి సహ్రి క్లిప్పుల్లేవు. ఇంత తేటగా ఉన్నదాన్ని మీరు బురద చేస్తున్నారు."

"మీరక్కడే ఉన్నారా, పాక్ గుస్తి?"

"డ్యూటీలో ఉన్నాను. ఫొటోల వేళకు వెళ్ళాను."

అంతలో అతని ఫోను మోగింది. ఇంటి నుంచి. "దగ్గు మందు వెయ్యి... అదే, నిన్నటిదే... గొంతులో ఏదో అడ్డంగా ఉందంటే వేణ్ణీళ్ళు తాగమను. నేను పనిలో ఉన్నాను, తరువాత చేస్తా."

ఫోను జేబులో పెట్టుకునేలోపే రూపిని అడిగింది. "ఎవరికి దగ్గు?"

"పెర్తివికి. చూశారా? ఇదే నేను చెప్పేది. దగ్గు అన్న మాట వినపడితే మీ ముఖం మారిపోతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"బు దేసక్. మీరు తవ్వుకోండి."

రూపిని సుకర్మి వైపు తిరిగింది. "నేను తవ్వను. మీ ఇంటి గుడి, మీ బిడ్డ ఉమ్మి. మీ చేత్తోనే తీయాలి."

సుకర్మి మట్టి వైపు చూసింది. తరువాత పువ్వు ఒకటి కోసి, అగరొత్తి వెలిగించి, పెదవులు కదుపుతూ ఏదో చెప్పుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తోడింది. తవ్వి అట్టే రోజులు కాలేదు కనుక మట్టి తేలిగ్గానే లేచింది.

బొండం నల్లబడి ఉంది. రూపిని చేతితొడుగులు వేసుకుని మూత తీసింది. ఎండిన ఉమ్మి, నోరు తెరిచి ఉంచడానికి కరిపించే చెరుకు పిప్పి, పసుపు ముక్క. గాజుగుడ్డ పరిచి దాని మీద ఒంపి, పట్టకారుతో కదిపింది.

చెరుకు పీచులో చిక్కుకుని, బియ్యపుగింజంత ఇనుప బిళ్ళ.

ప్రమాన వంగి చూశాడు.

"ఆరు" అంది రూపిని. "సహ్రి నిజం చెప్పాడు. ఇది ఆకురాయి తగిలి ఊడింది. మిగతా అయిదూ అంతకుముందే తీసేశారు. ఊడినది ఊడినట్టే బొండంతో పాటు ఇక్కడ పూడిపోయింది. అంటే ఆ మధ్యాహ్నం మళ్ళీ అంటించేటప్పుడు చేతిలో ఉన్నవి అయిదే. కానీ జిగురు ఆరు పళ్ళకీ పడింది. ఆరో పంటికి ఏం అంటించారు, సుకర్మీ?"

సుకర్మి మట్టి చేతులతోనే ముఖం కప్పుకుంది.

"పొద్దున యస్మిని తీసింది. అలంకరణకి వచ్చింది కదా, గోళ్ళు కత్తిరించే దాంతో తీసేసింది. ఒకటి మాత్రం రాలేదు. చివరిది కదా, పెద్దాయన వేలికి తగలదులే అనుకున్నాం. రాయడం అయ్యాక రత్ని ఏడుపు. ఫొటోల్లో క్లిప్పులు ఉండాల్సిందేనంది. నోరు కడుక్కోవే అన్నాను. పసుపు కడిగేస్తే పోసిన ప్రాణం పోతుందని మళ్ళీ నేనే వద్దన్నాను. యస్మిని అంటిస్తానంది. సరేనన్నాను, బు. నేనే సరేనన్నాను."

"ఆరో పంటికి?"

"నేను చూడలేదు. అన్నం దగ్గర చుట్టాలున్నారు. ఖాళీ నేను సర్దుతాలే అంది యస్మిని."

"మరి సహ్రి పేరెందుకు చెప్పారు?"

"వాడు మనవాడు కాదు కదా." ఆ మాట అనేసి తనే ఉలిక్కిపడింది. "మా అత్తగారు నన్ను చంపేస్తుందని భయమేసింది. వాడి పేరు నోటికొచ్చింది."

ప్రమాన అప్పటికే జీపు తలుపు తీస్తున్నాడు.

"ఎక్కడికి, పాక్ గుస్తి?"

"నాలుగవుతోంది. ఆరో బిళ్ళ దొరికింది, సంతోషం. అది ఒంట్లో లేదని తేలిపోయింది. క్లిప్పు సహ్రిది, అనుమతి లేని పని సహ్రిది. అలంకరణమ్మాయి సంగతి రేపు చూద్దాం."

"రేపటికి ఆ పిల్ల ఉండకపోవచ్చు."

"మీకు ఎవరూ రేపటికి ఉండరు" అని జీపు ఎక్కాడు.

*

యస్మిని దుకాణంలో ఒక పెళ్ళికూతురు గోళ్ళు ఆరబెట్టుకుంటోంది. రూపిని ఆమెను బయట కూర్చోమని చెప్పి తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, ముందు కూర్చోండి. టీ..."

"గోళ్ళకి వాడే జిగురు తీసి బల్ల మీద పెట్టు."

యస్మిని చిన్న సీసా తీసి పెట్టింది. మూత తీయగానే రూపిని ముక్కు మండింది. హెర్లిన పళ్ళెం దగ్గర కూడా ఇదే వాసన.

"ఇది నోట్లో పెడతారా?"

"రెప్పలకి పెడుతున్నాం కదా, అక్కా. నోటికేం అవుతుందిలే అనుకున్నా. తడి మీద మామూలు జిగురు పట్టలేదు. ఆ పసుపేమో జారిపోతోంది. బయట ఫొటోలాయన గోల."

"ఆరో పంటికి ఏం పెట్టావు?"

"ఒక్కటి ఖాళీగా ఉంటే పన్ను ఊడినట్టు కనపడింది. పిల్ల మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. అందుకని..."

ఆమె అద్దం కింద అర లాగి, గడులున్న డబ్బా ఒకటి తీసింది. గోళ్ళ మీద అంటించే మెరుపు రాళ్ళు. ఎరుపు, నీలం, తెలుపు. ఎర్ర గడిలో వేలు పెట్టి ఒకటి తీసి చూపించింది. కందిబద్దలో సగం ఉంటుంది.

"కోరపంటి మీద ఇది పెట్టాను. ఎంత ముద్దుగా ఉందో చూడండి అక్కా, కావాలంటే నా ఫోన్లో..."

"గాజా?"

"గాజైతే బరువు. ప్లాస్టిక్."

రూపిని అప్పటికే ఫోను చెవిన పెట్టుకుంది. "డాక్టర్ హెర్లిన? కోరపంటి మీద ఉన్నది ఇనుము కాదు. గోళ్ళకి పెట్టే ప్లాస్టిక్ రాయి. ఎర్రది."

అటువైపు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"ప్లాస్టిక్ ఎక్స్‌రేలో పడదు" అంది హెర్లిన.

"అందుకే పడలేదు."

"ఖాయమేనా? నేనిప్పుడు వెళ్ళి ఛాతీ డాక్టరుతో ఖాయమని చెప్పాలి."

రూపిని యస్మిని చేతిలో ఫోను లాక్కుని ఫొటో చూసింది. బంగారు కిరీటం కింద రత్ని నవ్వు. వరసగా ఐదు ఇనుప చుక్కలు, ఎడమ కోరపంటి మీద రక్తపు బొట్టులా ఎర్ర రాయి. ఇప్పుడా పంటి మీద అది లేదు. ఇంట్లో, పక్కల్లో, పీటల కింద ఎక్కడైనా రాలి ఉండొచ్చు. కానీ కుడి ఊపిరితిత్తిలోకి గాలి పోవడం లేదు. మందు పని చేయడం లేదు. జీవితమంతా కీడెంచిన మనిషి ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మళ్ళీ కీడే ఎంచింది.

"ఖాయం. దింపండి. తప్పయితే నాదని రాసుకోండి."

ఫోను పెట్టేసి రాళ్ళ డబ్బా మూసి సంచిలో వేసుకుంది. గడప దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

ఎవరికైనా ఒక చెడు జరిగితే అది ఒక్కరితో ఆగదని ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి తియా ఎప్పుడూ నవ్వుతుంది.

"యస్మినీ, రత్నికి ఒక్కదానికేనా?"

యస్మిని గోళ్ళ రంగు సీసాలు సర్దుతోంది. సర్దినవే మళ్ళీ సర్దుతోంది.

"అడుగుతున్నాను."

"ఇంకో పిల్ల చూసి తనకీ కావాలంది. దానికి క్లిప్పుల్లేవు. ఊరికే ఒక్క రాయి, కోరపంటి మీద. తెల్లది. తెల్లదైతే ఇంట్లో ఎవరూ కనిపెట్టరంది. వాళ్ళ నాన్నకి తెలిస్తే తోలు తీస్తాడని, ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

"ఎవరా నాన్న?"

"మీ పోలీసు ఆఫీసరే, అక్కా."

రూపినికి పేరు అవసరం లేకపోయింది. దగ్గు మందు. వేణ్ణీళ్ళు. గొంతులో ఏదో అడ్డం.

*

ప్రమాన ఫోను ఆపేసి ఉంది. ఇంటి నంబరు రూపిని దగ్గర లేదు. మోటారు సైకిలు మీద స్టేషన్‌కు వస్తూ, ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు, హెర్లిన నుంచి ఫోనుకు వచ్చిన సందేశం చదివింది. "రాయి దొరికింది. గాలి వెళ్తోంది." కళ్ళు తుడుచుకుంది. పచ్చ దీపం పడకముందే బండి కదిలించింది.

హాలు నిండా విలేకరులు. కెమెరాల వెలుగులో ప్రమాన చొక్కా మెరుస్తోంది. అతని పక్కన, ముఖం కనపడకుండా తల వంచుకుని, మత్ సహ్రిని నిలబెట్టారు.

"...కన్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. తమ పిల్లల నోట్లో ఏముందో తమకే తెలియకపోతే ఎలా? ఈ నిందితుడు..."

రూపిని కుర్చీల మధ్య నుంచి నడిచి నేరుగా వేదిక ఎక్కింది. మైకు మీద అరచెయ్యి మూసింది.

"బు దేసక్" అన్నాడు ప్రమాన పళ్ళబిగువున. "మీ పిల్లకి మళ్ళీ తుమ్ము వచ్చిందా?"

"రత్ని ఊపిరితిత్తిలో రాయి దొరికింది. ప్లాస్టిక్‌ది. ఎక్స్‌రేలో పడనిది. యస్మిని అంటించింది." ఇంకా దగ్గరకు వంగి, అతనికి తప్ప ఎవరికీ వినపడకుండా అంది. "అలాంటిదే రెండోది ఉంది. తెల్లది. పెర్తివి గురువారం నుంచి నోరు తెరిచి నవ్విందా, పాక్ గుస్తి?"

ప్రమాన కళ్ళు కెమెరాలను దాటి ఎక్కడికో పోయాయి. బహుశా నిన్నటి భోజనం బల్ల దగ్గరికి, పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తింటున్న కూతురి దగ్గరికి.

"దగ్గు ఆదివారం మొదలైంది" అన్నాడు. ఆ గొంతు ఇన్‌స్పెక్టరుది కాదు.

"ఫోను చేయండి. పడుకోబెట్టొద్దని చెప్పండి. ఆస్పత్రిలో హెర్లిన గారు సిద్ధంగా ఉన్నారు, నేను దారిలోనే చెప్పాను."

ప్రమాన ఫోను వెలిగించడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. రూపిని అందుకుని వెలిగించి చేతికిచ్చింది. సహ్రి మొదటిసారి తల ఎత్తి చూశాడు.

ఒకసారి మోగింది. రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు.

"పెర్తివీ? అమ్మా, నాన్నని. అమ్మకివ్వు ఫోను."

అటునుంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు, ఒకటి వెంట ఒకటి. తరువాత, ఎవరో గాలి లోపలికి లాక్కుందామని చూసి లాక్కోలేకపోయిన చప్పుడు.

ఆ తరువాత అటువైపు ఫోను నేల మీద పడింది.